ఓడిపోతున్నామని తెలిశాక ఎన్నాళ్లు బరిలో ఉండాలి? (2008 హిల్లరీ–ఒబామా పంచాయితీ)

ఎడిసన్_రావు (న్యూజెర్సీ)
అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడు రోజులుగా నలుగుతున్న పంచాయితీ ఇది. తీర్పు మీకు వదిలేస్తున్నా.

మా అమ్మాయి కాలేజీలో పొలిటికల్ సైన్స్ చదువుతోంది. 2008 డెమోక్రాటిక్ ప్రైమరీల (పార్టీ అధ్యక్ష అభ్యర్థిని తేల్చడానికి రాష్ట్రాలవారీగా జరిగే ఎన్నికలు) మీద పేపర్ రాయాలట. హిల్లరీ క్లింటన్ ఎప్పుడు తప్పుకోవాల్సింది అన్నది ప్రశ్న. నేను ఠక్కున ఫిబ్రవరి 19 అన్నాను. కాదు, ఆవిడ నిజంగా ఆపేసిన జూన్ 7 దాకా ఉండటమే సబబు అంటుంది అది. అప్పటికి దానికి పాలపళ్లు కూడా ఊడలేదు. నేనేమో ప్రతి మంగళవారం రాత్రి టీవీకి అతుక్కుపోయి కూర్చున్నవాణ్ణి. అయినా నా మాట చెల్లడం లేదు.

నా వాదన చిన్నది. జనవరి 3న అయోవాలో ఆవిడ మూడో స్థానం. అయిదు రోజులకే న్యూ హాంప్‌షైర్‌లో లేచి నిలబడ్డారు, ఒప్పుకుంటా. ఫిబ్రవరి 5 సూపర్ ట్యూజ్‌డే (చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే రోజు) ఇద్దరికీ సరిసమానం. అక్కణ్ణుంచి ఒబామా వరసగా 11 గెలిచాడు. ఫిబ్రవరి 19న విస్కాన్సిన్ పోయిన రాత్రే కథ ముగిసింది. గెలవాలంటే 2,118 డెలిగేట్లు (పార్టీ మహాసభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధులు) కావాలి, లెక్క వేస్తే ఆవిడకి దారి లేదు. మరి ఇంకో మూడున్నర నెలలు సొంత పార్టీవాణ్ణే తిట్టుకుంటూ తిరగడం దేనికి?

లెక్కల_మాస్టారు (విజయవాడ)
రావు గారూ, నేను లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ణి. అమెరికా ఎన్నికలు నాకు క్రికెట్ లాంటివి. ఓటు లేకపోయినా స్కోరు వదలను. మీరన్న ‘లెక్క’ సగమే నిజం.

ముందు మీ వైపు సగం చెబుతాను. డెమోక్రాట్లలో రాష్ట్రం గెలిచినవాళ్లకి డెలిగేట్లన్నీ రావు. 15 శాతం దాటినవాళ్లందరికీ ఓట్లను బట్టి పంచుతారు. అందుకే ఒకసారి వెనకబడ్డవాళ్లు మళ్లీ అందుకోవడం గగనం. మీ న్యూజెర్సీనే తీసుకోండి. ఫిబ్రవరి 5న అక్కడ ఆవిడకి 59, ఒబామాకి 48. మిగులు 11. అదే రోజు ఐడహో అనే చిన్న రాష్ట్రంలో, ఓటర్లు ఒకచోట చేరి ఎవరి వైపో తేల్చే కాకస్‌లో ఒబామాకి 15, ఆవిడకి 3. మిగులు 12. అంటే మీ న్యూజెర్సీ అంతా కలిపి తెచ్చిపెట్టిందాన్ని బంగాళాదుంపల రాష్ట్రం తినేసింది. ఏప్రిల్ 22న పెన్సిల్వేనియా తొమ్మిది శాతం తేడాతో గెలిచారు, గొప్ప విజయం అన్నారు. చేతికొచ్చింది 85–73, ఓ డజను.

ఇక రెండో సగం. అప్పట్లో సూపర్ డెలిగేట్లని 800 మందికి పైగా ఉండేవారు. ఎంపీలు, గవర్నర్లు, పార్టీ పెద్దలు. ఎవరికైనా వేయొచ్చు, మనసు మార్చుకోవచ్చు కూడా. వాళ్లు లేకుండా కేవలం ప్రైమరీల్లో సంపాదించిన వాటితో ఒబామా కూడా గెలుపు గీత దాటలేకపోయాడు. ఏడాది మొదట్లో వాళ్లలో ఎక్కువమంది ఆవిడ వైపు. ఆ లెక్కలో ఒబామా ఆవిడను దాటింది మే 10 ప్రాంతంలో. కాబట్టి ఫిబ్రవరి 19న దారి ఇరుకైంది గానీ మూసుకుపోలేదు.

కరీంనగర్_పోరడు
మాస్టారూ, నాకొక్కటి సమజైతలేదు. పార్టీ పెద్దలు పిలిచి ‘ఇగ చాలు’ అని చెప్పరా? మన తాన టికెట్ రానోడు రెబెల్‌గ నామినేషన్ ఏస్తడు. ఉపసంహరణ ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల దాక బుజ్జగింపులు నడుస్తయి. కార్పొరేషన్ చైర్మన్ ఇస్తం, ఎమ్మెల్సీ ఇస్తం అంటరు. ఆయన మెత్తబడి సంతకం పెట్టి వస్తడు. గక్కడ ఆ 3 గంటలు అనేదే లేదా?

గోదారి_గట్టు (రాజమండ్రి – ఇప్పుడు వర్జీనియా)
లేదు తమ్ముడూ, అదే అసలు చిక్కు. టికెట్ ఇచ్చేది పార్టీ ఆఫీసు కాదు, ఓటర్లు. అధిష్ఠానం అనే మాటకి అక్కడ అర్థమే లేదు. 2008 మార్చి ఆఖర్లో వెర్మాంట్ సెనెటర్ పాట్రిక్ లీహీ బహిరంగంగానే ఆవిడ తప్పుకోవాలన్నాడు. ఏమైంది? ఆవిడ పెన్సిల్వేనియా బస్సెక్కారు.

తప్పుకునేటప్పుడు కూడా ఎవరూ ‘తప్పుకున్నా’ అనరు, గమనించారా? ‘ప్రచారం సస్పెండ్ చేస్తున్నా’ అంటారు. అంటే దుకాణం షట్టర్ దించారు గానీ అద్దె ఒప్పందం రద్దు చేసుకోలేదు. గెలిచిన డెలిగేట్లను పట్టుకుని ఉండొచ్చు, అప్పు తీర్చుకోవడానికి చందాలు అడగొచ్చు.

ఐర్వింగ్_అక్క (టెక్సస్)
రావు గారూ, మీరు టీవీలో చూశారు, నేను దగ్గరుండి చూశాను. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

టెక్సస్‌లో అప్పుడు రెండు మెట్ల పద్ధతి. పగలు ప్రైమరీలో ఓటు వేయాలి, రాత్రి ఏడింటికి పోలింగ్ అయ్యాక అదే చోటికి మళ్లీ వచ్చి కాకస్‌లో సంతకం పెట్టాలి. మొత్తం 193 డెలిగేట్లలో 126 పగటి ఓట్లకి, 67 రాత్రి సంతకాలకి. నాకప్పటికి గ్రీన్ కార్డే, మా ఆయనకి ఓటు ఉంది. మార్చి 4 సాయంత్రం ఆయన్ని దింపడానికి వెళ్లి నేనూ ఆగిపోయా. ఎలిమెంటరీ స్కూల్ కెఫెటీరియా. పిల్లలు కూర్చునే పొట్టి బల్లల మధ్య డెబ్బై ఏళ్ల తాతలు, నర్సు యూనిఫారంలో వచ్చినవాళ్లు, చంకలో పాపతో ఒకావిడ. అంతమంది వస్తారని ఎవరూ అనుకోలేదు. సంతకాల కాగితాలు అయిపోతే ఎవరో నోట్‌బుక్ చించి గీతలు కొట్టి ఇచ్చారు. ఇంటికి చేరేసరికి పదిన్నర. మా ఆయన ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉన్నా, తన ఓటు ఎవరికైనా అవసరం పడిందని అనిపించింది ఆ ఒక్క రాత్రేనట.

ఫిబ్రవరి 19న ఆవిడ మానేసి ఉంటే ఆ రాత్రి ఉండేదా? ముందుగా ఓటేసిన అయోవా వాళ్లకీ న్యూ హాంప్‌షైర్ వాళ్లకీ ఉన్న హక్కు మాకెందుకు ఉండకూడదు?

లెక్కల_మాస్టారు
అమ్మా, ఆ రాత్రి లెక్క ఇంకా తమాషా. ఓట్లలో టెక్సస్ గెలిచింది హిల్లరీ. పగటి డెలిగేట్లు 65–61 ఆవిడకే ఎక్కువ. మీ కెఫెటీరియాలో తిరగబడింది, 38–29 ఒబామాకి. మొత్తం 99–94. రాష్ట్రం ఆవిడది, మిగులు అతనిది.

ఎడిసన్_రావు
అక్కా, మీ రాత్రి బాగుంది, కాదనను. కానీ మీకు పండగ కావాలని పార్టీ ఇల్లు తగలబెట్టుకోవాలా? అప్పుడు తిట్టుకున్న మాటలన్నీ నవంబరులో అవతలి పార్టీకి ఉచిత ప్రకటనలే కదా.

ఐర్వింగ్_అక్క
ఇల్లు తగలబడలేదుగా! నవంబరులో ఒబామా ఇండియానా గెలిచాడు, డెమోక్రాట్లకి 1964 తర్వాత అదే మొదటిసారి. నార్త్ కరోలినా గెలిచాడు, 1976 తర్వాత మొదటిసారి, అదీ 14 వేల చిల్లర ఓట్లతో. ఆ రెండు చోట్లా మే 6న ప్రైమరీ జరిగింది. పోరు అప్పటిదాకా సాగింది కాబట్టే రెండు శిబిరాలూ అక్కడ ఆఫీసులు తెరిచాయి, కొత్త ఓటర్లను నమోదు చేయించాయి. ఫిబ్రవరిలోనే అయిపోతే ఇండియానా మొహం ఎవరు చూసేవాళ్లు?

గోదారి_గట్టు
2008 అదృష్టం బాగుండి మంచిగా ముగిసింది. 1980 చూడండి. కార్టర్ సిటింగ్ ప్రెసిడెంట్. టెడ్ కెనెడీ సొంత పార్టీలోంచే పోటీకి దిగాడు. ప్రైమరీలు అయ్యేసరికి కార్టర్‌కి కావలసినన్ని డెలిగేట్లు వచ్చేశాయి. కెనెడీ అయినా వదల్లేదు. ఆగస్టులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మహాసభ దాకా వెళ్లి, గెలిచిన డెలిగేట్లను కట్టుబాటు నుంచి వదిలేయాలని రూలు మార్పించబోయాడు. అది వీగిపోయాక గొప్ప ప్రసంగం చేశాడు. ఆఖరి రాత్రి వేదిక మీద, చేతులు కలిపి పైకెత్తే ఫోటో కోసం కార్టర్ అతని వెనక తిరగడం దేశమంతా చూసింది. అధ్యక్షుడు చేయి చాస్తుంటే ఈయన తప్పించుకు తిరిగాడు. నవంబరులో రేగన్‌కి 489 ఎలక్టోరల్ ఓట్లు, కార్టర్‌కి 49.

లెక్కల_మాస్టారు
గట్టు గారూ, నా విద్యార్థి ఇలా రాస్తే మార్కులు కోసేవాణ్ణి. అప్పుడు టెహ్రాన్‌లో అమెరికా వాళ్లు బందీలుగా ఉన్నారు, ధరలు మండిపోతున్నాయి. కార్టర్ బలహీనుడు కాబట్టే కెనెడీ దిగాడు. వాన వస్తే గొడుగులు తెరుస్తారు గానీ, గొడుగులు తెరిస్తే వాన రాదు.

పైగా దానికి నాలుగేళ్ల ముందు సంగతి మరిచారు. 1976లో రేగన్, సొంత రిపబ్లికన్ పార్టీ అధ్యక్షుడు ఫోర్డ్ మీద పోటీకి దిగి, న్యూ హాంప్‌షైర్, ఫ్లోరిడా, ఇల్లినాయ్ వరసగా ఓడిపోయాడు. డబ్బులు అయిపోయాయి. మానుకోమని పార్టీలో చాలామంది చెప్పారు. మార్చి 23న నార్త్ కరోలినా గెలిచాడు, తర్వాత టెక్సస్. కాన్సాస్ సిటీ మహాసభలో 1187–1070 తేడాతో ఫోర్డ్ చేతిలో ఓడాడు. రావు గారి సూత్రం ప్రకారం మార్చి 22నే ఇంటికి వెళ్లి ఉంటే 1980 రేగన్ ఎక్కడ?

గోదారి_గట్టు
మరి 1976 నవంబరులో ఫోర్డ్ ఓడిపోయాడా లేదా? అది రాయలేదే?

లెక్కల_మాస్టారు
ఓడిపోయాడు. మార్కులు పంచుకుందాం.

జైహింద్_77
ఇక్కడ మా వీధి లైటు వెలిగి నెల అయింది. మీరు హిల్లరీ ఎప్పుడు మానేయాలని 17 ఏళ్ల తర్వాత కొట్టుకుంటున్నారు. శభాష్.

కరీంనగర్_పోరడు
అన్నా, లైటు కోసం వేరే ముచ్చట పెట్టు, గక్కడ కూడ వచ్చి మాట్లాడ్తం. ఇది నడవనీ.

కొత్త_ఓటరు (కాలిఫోర్నియా)
నేను బెర్నీ శాండర్స్ (2016లో హిల్లరీతో పోటీపడ్డాయన) మనిషిని, ముందే చెబుతున్నా. 2016 జూన్ 7 మా ప్రైమరీ, నా జీవితంలో మొదటి ఓటు. ముందు రోజు రాత్రే అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు సూపర్ డెలిగేట్లకి ఫోన్లు చేసి, లెక్కేసి, హిల్లరీ గెలిచేసిందని ప్రకటించారు. పొద్దున లేచి ఓటు వేయడానికి వెళ్తుంటే, పెళ్లి భోజనానికి వెళ్లేసరికి విస్తళ్లు ఎత్తేసినట్టు అనిపించింది.

బెర్నీ గెలవడని అప్పటికి నాకూ తెలుసు. ఓట్లతో వచ్చిన డెలిగేట్లే తీసుకున్నా చివరికి 2205–1846. అయినా ఆయన ఆ రాత్రి మానలేదు. జూలై 12న న్యూ హాంప్‌షైర్‌లో ఆవిడ పక్కన నిలబడి మద్దతు చెప్పాడు. ఆ అయిదు వారాలు ఊరికే కూర్చోలేదు. పార్టీ మేనిఫెస్టోలో తన మాటలు చేర్పించాడు. అప్పుడు మొదలైన గొడవ వల్లే 2018లో రూలు మారింది. పోటీ గట్టిగా ఉంటే సూపర్ డెలిగేట్లకి మొదటి రౌండులో ఓటు లేదు. పోరడు అన్నట్టు ఇదీ బుజ్జగింపే, కాకపోతే పదవి బదులు రూలు అడిగాడు.

2020లో అదే మనిషి ఏప్రిల్ 8నే ఆపేశాడు. ముందు రోజు విస్కాన్సిన్ ప్రైమరీ. కోవిడ్ కాలం. మిల్వాకీలో 180 పోలింగ్ కేంద్రాలకి 5 తెరిచారు. మాస్కులు కట్టుకుని జనం గంటలకొద్దీ వరసల్లో నిలబడ్డారు. తను ఓడిపోతానని తెలిసిన పోటీ కోసం ఇంకో రాష్ట్రంలో జనాన్ని అలా నిలబెట్టడం నావల్ల అయ్యేది కాదు, ఆయన వల్లా కాలేదనుకుంటా.

ఎడిసన్_రావు
ఇదిగో, ఇది నాకు నచ్చింది. బాబూ, నువ్వు నా వైపా, మా అమ్మాయి వైపా?

కొత్త_ఓటరు
2016లో మీ అమ్మాయి వైపు. 2020లో మీ వైపు.

కరీంనగర్_పోరడు
ఇద్దరున్నప్పుడు సరే. పది మంది ఉంటే? నేను జూసిన కాడికి 2016 రిపబ్లికన్లది మస్తు మజా. ఎవ్వడూ తప్పుకోడు, అందరూ పక్కోడు తప్పుకుంటడని ఎదురుజూసుడే.

లెక్కల_మాస్టారు
అసలు ప్రశ్న అడిగావు నాయనా. ఆ ఏడాది ఫిబ్రవరి 20న సౌత్ కరోలినా. ట్రంప్‌కి 32.5 శాతం. రూబియోకి, క్రూజ్‌కి చెరో 22 చిల్లర. మూడోవంతు ఓట్లు కూడా రాని ట్రంప్‌కి 50 డెలిగేట్లూ వెళ్లిపోయాయి, అక్కడి రూలు అది. రూబియో మార్చి 15న సొంత ఫ్లోరిడా పోయాక గానీ కదల్లేదు. కేసిక్ గెలిచిందల్లా సొంత ఒహాయో ఒక్కటే, అయినా మే 4 దాకా ఉన్నాడు. ఇండియానాలో ఓడి క్రూజ్ మానేసిన మర్నాడు అది. అడ్డం పోయాక ఆయనా పోయాడు.

నాలుగేళ్లకి డెమోక్రాట్లు ఆ పాఠం చదువుకున్నారు. 2020 ఫిబ్రవరి 29న సౌత్ కరోలినా బైడెన్ గెలిచాడు. మార్చి 1న బుటిజెజ్, మార్చి 2న క్లోబుచార్ మానేశారు. ఆ రాత్రే డాలస్‌లో ఇద్దరూ బైడెన్‌కి మద్దతు పలికారు. మర్నాడు సూపర్ ట్యూజ్‌డేలో 14 రాష్ట్రాల్లో 10 బైడెన్‌వి. క్లోబుచార్ సొంత మినెసోటాతో సహా. చరిత్రలో ఎవరైనా పోరడి ‘3 గంటల’ లోపు సంతకం పెట్టారంటే ఆ ఇద్దరే.

ఐర్వింగ్_అక్క
ఆ సాయంత్రం డాలస్ ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కున్నా. వాళ్ల వల్లో కాదో తెలీదు, వాళ్లనే తిట్టుకున్నా.

గోదారి_గట్టు
ఇంతసేపూ సూత్రాలు మాట్లాడుకుంటున్నాం గానీ నిజంగా ఆపేది డబ్బే. 2012లో రిపబ్లికన్లలో గింగ్రిచ్ మే 2 దాకా లాగి, 4 మిలియన్ డాలర్ల పైన అప్పుతో తేలాడు. హిల్లరీ 2008లో తప్పుకునేసరికి అప్పు 20 మిలియన్ల పైమాటే. అందులో సగం దాకా సొంతంగా పెట్టుకున్నదే. బయటివాళ్లకి తీర్చడం 2012 ఆఖరికి గానీ పూర్తవలేదు. విదేశాంగ మంత్రిగా ప్రపంచమంతా తిరుగుతున్నప్పుడు కూడా పాత ప్రచారం బిల్లులు తలమీద ఉన్నాయన్నమాట. డబ్బు ఉన్నవాళ్లకి ఏ లెక్కా పట్టదు, లేనివాళ్లకి మాస్టారి లెక్క కూడా అవసరం లేదు.

ఐర్వింగ్_అక్క
డబ్బు సంగతి సరే. ఇంకోటి అంటాను, ఎవరూ నొచ్చుకోకండి. కెనెడీ మహాసభ దాకా వెళ్లాడు. 1984లో గ్యారీ హార్ట్ వెళ్లాడు, జెస్సీ జాక్సన్ వెళ్లాడు. 1992లో జెర్రీ బ్రౌన్ వెళ్లాడు. వాళ్లను పోరాటయోధులన్నారు. హిల్లరీ మార్చిలో ఇంకా గెలుస్తుండగానే ‘ఎప్పుడు వెళ్తావమ్మా’ అని రోజూ టీవీలో పంచాయితీ. ఆడవాళ్లు భోజనాల దగ్గర ఆఖర్న కూర్చున్నా తొందరపెడతారు, అలాగే ఉంది.

గోదారి_గట్టు
నొచ్చుకోను అక్కా, కానీ పూర్తిగా ఒప్పుకోను. 1976లో రేగన్‌ని కూడా పొమ్మన్నారని మాస్టారే రాశారు. ఆవిడ నోరు కూడా ఆవిడకి చెడుపు చేసింది. మే 23న సౌత్ డకోటాలో పత్రిక వాళ్లతో, పోటీ జూన్ దాకా సాగడం మామూలే అని చెప్పడానికి 1968 జూన్‌లో రాబర్ట్ కెనెడీ హత్యను గుర్తుచేశారు. ఎదురుగా ఉన్నది నల్లజాతి అభ్యర్థి, ప్రాణభయం గురించి అందరూ లోలోపల దడుస్తున్న కాలం. ఆ రోజే క్షమాపణ చెప్పాల్సొచ్చింది. ఉండటం వేరు, ఉండి ఏం మాట్లాడామన్నది వేరు.

అదే ఏడాది రిపబ్లికన్లలో హకబీని చూడండి. మెకెయిన్ అందనంత ముందున్నాడు. తాను కాలేజీలో చదివింది గణితం కాదు, అద్భుతాలు అని జోకేసి మార్చి 4 దాకా ఉన్నాడు. మెకెయిన్‌ని పల్లెత్తు మాట అనలేదు. ఎవరికీ కోపం రాలేదు.

లెక్కల_మాస్టారు
ఈ మాట పట్టుకోండి రావు గారూ. మే 6 రాత్రి నార్త్ కరోలినా పోయి, ఇండియానా బొటాబొటిగా దక్కాక, నామినీ (పార్టీ అభ్యర్థి) ఎవరో తేలిపోయిందని పేరున్న జర్నలిస్టు టిమ్ రసెర్ట్ టీవీలో చెప్పేశాడు. ఆవిడ మానలేదు. వారానికే వెస్ట్ వర్జీనియాలో 41 శాతం తేడాతో గెలిచారు! ఓడిపోయిందని అందరూ చెప్పాక అంత తేడాతో గెలవడం విడ్డూరం. గెలిచిన మనిషిని ఆ రాత్రి ఏమని పొమ్మంటారు?

కొత్త_ఓటరు
2024 సంగతి కూడా. రిపబ్లికన్లలో ట్రంప్ మీద పోటీచేసిన నిక్కీ హేలీ ఫిబ్రవరి 24న, తాను గవర్నర్‌గా చేసిన సౌత్ కరోలినాలోనే 20 శాతం తేడాతో ఓడింది. వాషింగ్టన్ డీసీ, వెర్మాంట్ గెలిచి మార్చి 6న ఆపేసింది. రెండు నెలలకి, మే 7న ఇండియానా బ్యాలెట్ మీద ఆమె పేరు ఇంకా ఉంది. ఎక్కడా ప్రచారం లేదు, సభ లేదు. 20 శాతం దాటి ఓట్లు వచ్చాయి. మనిషి వెళ్లిపోయినంత మాత్రాన ఓటరు కూడా వెంటనే సర్దుకోడు. 2008లో హిల్లరీ తప్పుకుంటే పార్టీ ఒక్కటైపోయేది అన్న మాటకి అందుకే నేను పెద్ద విలువ ఇవ్వను.

ఎడిసన్_రావు
అందరికీ దండాలు. నిన్న రాత్రి అమ్మాయి ఈ చర్చంతా ఫోన్‌లో చదివింది. తెలుగు చదవడం నెమ్మది కాబట్టి రెండు గంటలు పట్టింది. పోరడి పోస్టు నేను చదివి వినిపించాల్సొచ్చింది, ‘సమజైతలేదు’ దానికి సమజు కాలేదు.

నేను ఫిబ్రవరి 19 నుంచి మే 6కి దిగొచ్చాను, ఒప్పుకుంటున్నా. అది మాత్రం కొత్త మెలిక పెట్టింది. ఏ తప్పుకోవడం గురించి డాడీ మీరంతా మాట్లాడుకునేది, అంటుంది. జూన్ 3న ఒబామా గీత దాటిన రాత్రి ఆవిడ ఏమీ తేల్చలేదు. జూన్ 7న వాషింగ్టన్‌లో నేషనల్ బిల్డింగ్ మ్యూజియంలో కోటీ ఎనభై లక్షల ఓట్లను, ఆడవాళ్లను పైకి పోనివ్వని కనపడని ‘గాజు కప్పు’కి పడ్డ బీటలుగా చెప్పుకుని ప్రచారం సస్పెండ్ చేశారు. డెలిగేట్లను వదిలేసింది మాత్రం ఆగస్టు 27న డెన్వర్‌లో. ఆ సాయంత్రం రాష్ట్రాల పేర్లు వరసగా పిలిచి ఓట్లు లెక్కిస్తుంటే, న్యూ మెక్సికో తన వంతు ఇల్లినాయ్‌కి, ఇల్లినాయ్ న్యూయార్క్‌కి వదిలింది. న్యూయార్క్ వాళ్ల మధ్య నిలబడి ఆవిడే, లెక్కింపు ఆపి ఒబామాను ఏకగ్రీవం చేయమని తీర్మానం పెట్టారు. ఓడిపోయిన మనిషి చేతుల మీదుగా ముగింపు. ఫిబ్రవరిలోనే వెళ్లిపోయి ఉంటే ఆ తీర్మానానికి ఆ బరువు ఉండేది కాదని దాని పాయింటు.

పేపర్ ఈ రాత్రి 12 లోపు పంపాలట. ఎవరైనా తప్పులుంటే చెప్పండి.

కరీంనగర్_పోరడు
చెల్లెకు మాత్రం ‘3 గంటలు’ ఉన్నయన్నట్టు.

లెక్కల_మాస్టారు
రావు గారూ, ఒకటుంది, మొదటి రోజే చెప్పాల్సింది. మీ మొదటి పోస్టులో ఫిబ్రవరికే 2,118 అని రాశారు. అప్పుడు గీత 2,025. ఫ్లోరిడా, మిషిగన్ తొందరపడి ముందే ప్రైమరీలు పెట్టుకున్నాయని పార్టీ వాళ్ల డెలిగేట్లను రద్దు చేసింది. మిషిగన్ బ్యాలెట్ మీంచి ఒబామా తన పేరే తీయించుకున్నాడు. ఆవిడ మాత్రం ఆ రెండు రాష్ట్రాలనూ లెక్కలోకి తేవాలని పట్టుబట్టారు. మే 31న కమిటీ కూర్చుని ఒక్కొక్కరికి అర ఓటు ఇచ్చింది. ఆ రోజు గీత 2,118కి జరిగింది. ఆఖరి ప్రైమరీలకి మూడు రోజుల ముందు! అమ్మాయి పేపర్‌లో ఏ నెల గురించి రాస్తోందో చూసుకుని అంకె వేయమనండి. ఫుట్‌నోట్‌లో ఫ్లోరిడా, మిషిగన్ పెడితే ప్రొఫెసర్ ఇంకో నాలుగు మార్కులు వేస్తాడు.

ఎడిసన్_రావు
ఇప్పుడే చెప్పాను మాస్టారూ. నా వైపు అదోలా చూసి దిద్దుకుంటోంది.